18వ శతాబ్దపు చిత్రాలలో పల్లె ఇళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఇంగ్లండు ప్రకృతి దృశ్య చిత్రాల మీద వచ్చిన వ్యాసం చదివిన పాఠకులలో ఎక్కువమంది, అందులో రెండు మూడు వాక్యాలలో ప్రస్తావించి వదిలేసిన పల్లె ఇళ్ల చిత్రాల గురించే రాశారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మ్యూజియాల వెబ్‌సైట్లలో 18వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుల పల్లె దృశ్యాలు చాలా చూశాను. ఏ బొమ్మ చూసినా వంగిపోయిన గడ్డి కప్పు, పెచ్చులూడిన గోడ, విరిగిన దడి. సముద్రాల మీద అంత వ్యాపారం చేసిన దేశంలో పల్లెలన్నీ అలాగే ఉండేవా, లేక చిత్రకారులు కావాలని అటువంటి ఇళ్లనే ఏరుకున్నారా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: కావాలనే ఏరుకున్నారమ్మా. ఆ కాలపు ఇంగ్లండులో కూలి జనం పూరిళ్లు నిజంగానే ఉండేవి. వాటితో పాటు ఓక్ కలపతో పటిష్ఠంగా కట్టిన మోతుబరి రైతుల ఇళ్లు, ఇటుక గోడలతో పెంకు కప్పులతో లేచిన కొత్త ఇళ్లు కూడా ఉండేవి. చిత్రకారుడు ఆగి కాగితం తీసింది మాత్రం ఎక్కువగా మొదటి రకం ఇంటి ముందే.

ఈ అలవాటు కొంతవరకు హాలెండు నుంచి వచ్చింది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు ఇసుక దిబ్బల పక్కన ఒరిగిన గుడిసెలను, గాలిమరలను, పశువుల కొట్టాలను ఎంతో శ్రద్ధగా గీశారు. ఆ బొమ్మలు, వాటి అచ్చు ప్రతులు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ విరివిగా చేరాయి. సఫోక్ ప్రాంతంలోని సడ్‌బరీలో 1727లో పుట్టిన థామస్ గెయిన్స్‌బరో, కుర్రతనంలోనే యాకోబ్ వాన్ రౌస్డాల్ వేసిన అడవి దృశ్యాన్ని సుద్దతో నకలు తీసి చేయి సాధన చేసుకున్నాడు. పారిస్‌లో ఫ్రాన్స్వా బూషే, అబ్రహాం బ్లూమార్ట్ అనే డచ్చి చిత్రకారుడి అభ్యాస చిత్రాలను రాగి రేకు మీద చెక్కి 1735లో ప్రచురించాడు. తమ ఊరి గుడిసె ముందు కూర్చునేటప్పటికే ఈ చిత్రకారుల కంటికి ఆ డచ్చి కాగితాల మీద తర్ఫీదు పూర్తయింది. కనుక వారు పల్లెలో వెదికింది, బొమ్మల్లో అదివరకే చూసి ఇష్టపడిన దాన్ని.

ఆ ఇష్టానికి సిద్ధాంతం తరువాత వచ్చింది. విలియం గిల్పిన్ అనే చర్చి మతాచార్యుడు 1770లో వై నది వెంట పడవలో ప్రయాణించి, ఆ పరిశీలనలను 1782లో పుస్తకంగా వెలువరించాడు. బొమ్మకు పనికివచ్చే అందం నునుపులో, సమానమైన కొలతలలో ఉండదనీ, గరుకుదనంలో, విరిగిన అంచులలో, తునకలు తునకలుగా పడే వెలుగునీడలలో ఉంటుందనీ ఆయన వాదన. ఈ అభిరుచికే పిక్చరెస్క్ అనే పేరు స్థిరపడింది. టింటర్న్ మఠం శిథిలాలను చూసినప్పుడు, ఆ గోడల కొసలు మరీ తీరుగా మిగిలాయనీ, ఒక సుత్తిని వివేకంతో ప్రయోగిస్తే బొమ్మ బాగుపడుతుందనీ, కాని అంత సాహసం ఎవరు చేస్తారనీ రాశాడు. 1792లో వచ్చిన వ్యాసాలలో ఇంకొక అడుగు ముందుకు వేసి, నునుపైన భవనం బొమ్మకు ఎక్కాలంటే ఉలి పక్కన పెట్టి సుత్తి అందుకోవాలనీ, దానిలో సగం పడగొట్టాలనీ అన్నాడు. మఠాన్ని ఎవరూ పడగొట్టనక్కరలేదు. కాలమే ఆ పని చేసి పెట్టిన పూరిళ్లు ప్రతి ఊరి చివరా ఉన్నాయి. నాచు పట్టిన గడ్డి, మధ్యలో వేసిన కొత్త గడ్డి మాసిక, కుంగిన నడికప్పు, గోడకు ఆనించిన నిచ్చెన, ఇవన్నీ కలానికి చేతినిండా పని పెడతాయి. కొత్త ఇటుక గోడ ముందు కూర్చుంటే రూళ్లకర్ర గీతలు తప్ప ఏమీ రావు. బొమ్మలు వేసేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే దీనిలో నన్ను ఇబ్బంది పెట్టే కోణం ఒకటి ఉంది. 1786లో ప్రచురించిన సరస్సుల ప్రాంత పరిశీలనలలో గిల్పిన్, నీతి దృష్టితో చూస్తే కష్టించి పనిచేసేవాడే మెచ్చదగినవాడనీ, బొమ్మ దృష్టితో చూస్తే ఊరికే కాలక్షేపం చేసే పల్లెటూరి మనిషే నయమనీ దాపరికం లేకుండా చెప్పాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవచ్చు, కాని కారుతున్న కప్పు కింద పడుకునేవాడికి ఆ కప్పు అందం ఏ మాత్రం ఆదుకుంటుందో ఆయన అడగలేదు. ఈ బొమ్మలను కొన్నవారిలో, తామే స్వయంగా గీయడం నేర్చుకున్నవారిలో భూస్వాములు ఎందరో ఉన్నారు. అదే శతాబ్దం రెండవ సగంలో పార్లమెంటు చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరుమ్మడి బీళ్లకు కంచెలు వేశాయి. పశువులను మేపుకొనే, పొయ్యి పుల్లలు ఏరుకొనే హక్కు చాలా కుటుంబాలకు పోయింది. 1760లలో హార్కోర్ట్ ప్రభువు తన భవనం చుట్టూ ఉద్యానం తీర్చడానికి న్యూనమ్ కోర్ట్‌నే గ్రామాన్ని మొత్తంగా ఎత్తి, ఆక్స్‌ఫర్డ్ రహదారికి రెండు వైపులా ఒకే తీరు ఇళ్ల వరుసల్లోకి మార్చాడు. 1770లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ పాడుబడిన పల్లె మీద కావ్యం రాయడానికి ఈ ఊరే ప్రేరణ అని చాలామంది భావిస్తారు. 1780 ప్రాంతంలో డార్సెట్‌లో మిల్టన్ ప్రభువు కూడా అదే పని చేశాడు. అక్కడ మిల్టన్ అబ్బాస్‌లో జంటజంటలుగా కట్టిన తెల్లగోడల గడ్డికప్పు ఇళ్లు ఇప్పటికీ యాత్రికులను ఆకర్షిస్తున్నాయి. గుడిసె బొమ్మకు గిరాకీ పెరగడానికీ గుడిసెలు చోటు కోల్పోవడానికీ కార్యకారణ సంబంధం ఉందని నేను తీర్పు చెప్పను. రెండూ ఒకే తరం వారి చేతుల మీదుగా జరిగాయని మాత్రం గుర్తుంచుకొని ఆ బొమ్మలు చూడాలి.

మీ ప్రశ్నకు సూటిగా సరిపోయే పుస్తకం 1797లో వచ్చింది. జాన్ థామస్ స్మిత్ అనే చిత్రకారుడు పల్లె దృశ్యాల మీద చిన్న వ్యాసం రాసి, దానితో పాటు ప్రత్యక్షంగా చూసి చెక్కిన 20 పూరిళ్ల ఎచింగులను (రాగి రేకును ఆమ్లంతో తినిపించి తీసే అచ్చు చిత్రాలను) ప్రచురించాడు. శుభ్రంగా ఉంచుకున్న ఇల్లు, ఆలనాపాలనా లేక కూలుతున్న ఇల్లు అని ఆయన తేడా చూపి, చిత్రకారుడికి కావలసినది రెండోదేనని తేల్చాడు. అంటే ఏరుకోవడం జరిగింది, ఏరుకుంటున్నామని వారికి తెలుసు కూడా.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ విద్యార్థిని. మట్టి గోడలు, గడ్డి కప్పులు గల ఇళ్ల నిర్మాణ చరిత్ర మీద పని చేస్తున్నాను. ఐరోపాలో 18వ శతాబ్దంలో గీసిన పల్లె ఇళ్ల చిత్రాలను నిర్మాణానికి ఆధారంగా తీసుకోవచ్చా? తీసుకుంటే ఏవి నమ్మదగినవి? (వరంగల్లు)

జవాబు: బొమ్మ ఎవరు, ఎవరి కోసం, ఏ పనికి గీశారో తెలిసే వరకు తీసుకోవద్దు. చేయి గొప్పదైతే సాక్ష్యం కూడా గొప్పదవుతుందని అనుకోవడం ఈ విషయంలో పెద్ద పొరపాటు. ఆ శతాబ్దంలో గుడిసెను అందరికంటే అందంగా గీసినవాడు గెయిన్స్‌బరో అని నా అభిప్రాయం, సాక్షిగా అందరికంటే పనికిరానివాడు కూడా ఆయనే. సుమారు 1764లో హార్డ్‌విక్ ప్రభువు ఏదో ఒక నిజమైన ప్రదేశాన్ని చిత్రించి ఇమ్మని కోరితే, ఈ దేశంలో ఉన్నది ఉన్నట్లుగా గీయదగిన చోటును తాను చూడలేదనీ, అటువంటి పనికి పాల్ శాండ్‌బీ ఒక్కడే తగిన ప్రతిభావంతుడనీ, తన చేత వేయించుకోదలిస్తే విషయం తన బుర్రలో నుంచే రావాలనీ మర్యాదగా ఉత్తరం రాశాడు. 1788లో గెయిన్స్‌బరో మరణించిన తరువాత లండనులోని రాయల్ అకాడమీ అనే చిత్రకళా సంస్థలో ప్రసంగించిన చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్, గెయిన్స్‌బరో బల్ల మీద పగిలిన రాళ్లు, ఎండిన మొక్కలు, అద్దం ముక్కలు పేర్చుకొని, వాటినే కొండలుగా, చెట్లుగా, నీళ్లుగా పెంచి గీసేవాడని చెప్పాడు. మన పిల్లలు బొమ్మల కొలువులో అద్దాన్ని చెరువుగా, మొలకలను పొలంగా పెట్టినట్లే ఇదీను. 1780లో ప్రదర్శించిన గుడిసె వాకిలి చిత్రం ఇప్పుడు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ మ్యూజియంలో ఉంది. చెట్ల కింద ఇమిడిపోయిన ఆ ఇంటి గుమ్మంలో పిల్లలతో నిలిచిన తల్లిని చూస్తే మనసు కరుగుతుంది, కాని ఆ కప్పును ఏ దూలం మోస్తున్నదో ఎంత వెదికినా దొరకదు. ఆయన దానిని వెదకమని మనకు చెప్పలేదు కూడా.

గెయిన్స్‌బరో పేరెత్తి చెప్పిన పాల్ శాండ్‌బీ వేరే బడిలో పెరిగాడు. నాటింగ్‌హామ్‌కు చెందిన ఈ చిత్రకారుడు, 1745 నాటి జాకోబైట్ తిరుగుబాటు అణచివేత తరువాత స్కాట్లండులో సైన్యం చేపట్టిన భూమి సర్వేలో 1747 నుంచి పటాలు గీసే ఉద్యోగం చేశాడు. దారి ఎటు పోతున్నదో, వాగు ఎక్కడ దాటవచ్చో, ఊరిలో ఏ ఇల్లు ఎక్కడ ఉందో తప్పు లేకుండా చూపడం అక్కడి పని. తప్పు గీస్తే సైనికుడు దారి తప్పుతాడు. ఆయన తరువాత 1768 నుంచి 1796 వరకు వూలిచ్ సైనిక విద్యాలయంలో ఫిరంగి దళానికీ ఇంజినీర్ల దళానికీ సిద్ధమయ్యే కుర్రవాళ్లకు గీతలు నేర్పాడు. అందువల్ల ఆయన విండ్సర్ పరిసరాల్లో గీసిన వీధుల్లో, వేల్స్ దృశ్యాల్లో గోడ గోడను ఎక్కడ కలుస్తున్నదో, పొగగొట్టం ఏ పొయ్యి మీద నుంచి లేస్తున్నదో సాధారణంగా తెలుస్తుంది. అయినా శాండ్‌బీ కూడా కొనుగోలుదారును మెప్పించవలసిన చిత్రకారుడే. ముందు భాగంలో నిలబెట్టిన పెద్ద చెట్టును, బండి తోలేవాణ్ణి అన్నివేళలా ఉన్నవారిగా లెక్క వేయకండి.

మీ పనికి వీరందరికంటే డచ్చి వారే ఎక్కువ ఉపయోగపడతారని నా నమ్మకం. కార్నెలిస్ ప్రోంక్ (1691–1759), ఆయన తరువాత యాన్ డి బేయర్ (1703–1780) ఊరూరా తిరిగి చర్చిలను, కోటలను, పల్లె వీధులను, వంతెనలను గీశారు. వాటిని చూసి చెక్కిన వందలాది చిన్న అచ్చు చిత్రాలు 1745 నుంచి సంపుటాలుగా వెలువడ్డాయి. కాగితం మీద ఊరి పేరు, సంవత్సరం రాసి పెట్టడం వీరి అలవాటు. చిత్రకళ చరిత్రలు వీరికి రెండు మూడు పంక్తులే ఇస్తాయి, ఎందుకంటే ఆ బొమ్మల్లో ఉద్వేగం తక్కువ, ఆకాశం ఒకే తీరు. కాని కప్పు వాలు ఎంత, ఇటుక ఎక్కడ ఆగి చెక్క ఎక్కడ మొదలైంది, గడ్డిని కప్పు అంచున ఎలా కత్తిరించారు వంటి ప్రశ్నలకు జవాబు చెప్పేవి ఆ శాంతమైన బొమ్మలే.

ఫ్రెంచి పల్లె బొమ్మల విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. బూషే గీసిన పావురాల గూళ్లు, నీటి మరలు, గడ్డి కప్పులు కంటికి పండుగ. షారాంటన్ మర ఆయనకు పలుసార్లు వస్తువైంది. అయితే అవి తివాసీల నేతకూ రంగస్థలానికీ అలవాటు పడిన చేతి రచనలు. 1761 పారిస్ చిత్ర ప్రదర్శన మీద రాస్తూ దెనీ దీదెరో అనే ఫ్రెంచి రచయిత, ఈయనకు అన్నీ ఉన్నాయి, సత్యం ఒక్కటే లేదని తేల్చేశాడు. ఆ మాట కఠినమే, కాని కొలతలు తీసుకునేవారికి అది మంచి హెచ్చరిక.

ఇక బొమ్మ చేతికి వచ్చినప్పుడు చూడవలసినవి. కప్పు గోడను కలిసే చోట కలం తడబడి ఆకులతోనో పొదతోనో కప్పేసిందా, లేక వాసాల కొసలను చూపిందా అని ముందు చూడండి. అర్థం కాని చోటును ఆకులతో మూసేయడం అన్ని కాలాల చిత్రకారులకూ ఉన్న విద్య. గడ్డి మందం, గుమ్మం ఎత్తు, పక్కన నిలుచున్న మనిషి ఎత్తు ఒకదానితో ఒకటి పొసగాలి. కలప చట్రం మధ్య తడికలు అల్లి మట్టి మెత్తిన గోడలు ఇంగ్లండులో చాలాచోట్ల ఉండేవి, డెవన్‌లో మాత్రం గడ్డి కలిపి తొక్కిన మట్టితోనే మందమైన గోడలు పెట్టేవారు. బొమ్మలోని గోడ ఆ ప్రాంతపు అలవాటుకు సరిపోతున్నదో లేదో పోల్చాలి. చేతిలో ఉన్నది అసలు గీత కాక అచ్చు ప్రతి అయితే ఇంకొక చిక్కు ఉంది. రాగి రేకు మీద చెక్కినది కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుంది. చెక్కేవాడు ముందే తిప్పి చెక్కకపోతే తూర్పు వసారా పడమటికి పోతుంది. చెక్కేవాడు ఆ ఊరు ఎన్నడూ చూడనివాడు కావడం కూడా మామూలే. కామెరా ఆబ్‌స్క్యూరా, అంటే ఎదుటి దృశ్యాన్ని కటకం గుండా కాగితం మీద పడేలా చేసే పెట్టె, వాడి గీశారని తెలిసిన బొమ్మలో ఇంటి మొత్తం కొలతలు సరిగా ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఆ పెట్టె అంచులను కాగితం మీద వేసి చూపగలదు గాని, దూలం గోడలోకి ఎలా దిగిందో చెప్పలేదు. అది చిత్రకారుడికి తెలిసి ఉండవలసిందే.

మనుషుల విషయంలో కూడా ఒక మాట. తరువాత ప్రకృతి దృశ్య చిత్రకారుడిగా పేరు పొందిన జాన్ కాన్‌స్టబుల్ యువకుడిగా సఫోక్ పల్లెల్లోని పూరిళ్లను గీసి, పైన చెప్పిన జాన్ థామస్ స్మిత్‌కు పంపుతుండేవాడు. చూసి గీసిన దృశ్యంలో మనుషులను కల్పించి పెట్టవద్దనీ, ఎంత నిర్మానుష్యమైన చోటనైనా గంటసేపు కూర్చుంటే ఆ చోటుకు తగిన ప్రాణి ఏదో ఒకటి తప్పక వస్తుందనీ స్మిత్ ఆయనకు సలహా ఇచ్చాడు. ఇంత సలహా ఇవ్వవలసి వచ్చిందంటే కల్పించి పెట్టడమే వాడుక అన్నమాట.

ప్రశ్న: ఈ బొమ్మలలో కొన్ని గోధుమ రంగులో, కొన్ని బూడిద రంగులో ఉన్నాయి. అవి వెలిసిపోవడం వల్ల వచ్చిన రంగులా? అప్పట్లో ఏ సామగ్రి వాడేవారు? (ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: కొన్ని మొదటి నుంచీ ఆ రంగే, కొన్ని కాలంతో మారినవి. కట్టెల పొయ్యి మసిని ఉడికించి తీసిన సిరాను బిస్టర్ అంటారు. అది పుట్టుకతోనే వెచ్చని గోధుమ రంగు. మాచికాయలూ అన్నభేదీ కలిపి చేసిన సిరా మొదట నల్లగా ఉండి, ఏళ్లు గడిచిన కొద్దీ గోధుమకు తిరుగుతుంది; పాళ్లు కుదరకపోతే కాగితాన్ని కూడా తినేస్తుంది. బూడిద రంగు నీడలు చాలావరకు చైనా సిరా కడ్డీని నీళ్లతో అరగదీసి పలచగా పూసినవి. సముద్రపు జీవి సిరా తిత్తి నుంచి తీసే సెపియా శతాబ్దం చివరి భాగంలో వాడుకలోకి వచ్చింది. పెన్సిలుకు మేలైన గ్రాఫైటు కంబర్లండులోని బరోడేల్ గనిలో దొరికేది. ఫ్రెంచివారికి ఎర్ర సుద్ద మీద మక్కువ.

కాగితం మార్పు కూడా మామూలు సంగతి కాదు. పాత కాగితంలో దానిని వడపోసిన తీగల గుర్తులు వరుసలుగా ఉండి, పలచని రంగు వాటిలో నిలిచిపోయేది. కెంట్ ప్రాంతపు జేమ్స్ వాట్మన్ 1750లలో సన్నని అల్లిక జల్లెడతో ఆ గుర్తులు లేని నునుపు కాగితం తయారుచేశాడు. శతాబ్దం చివరికి నీటిరంగుల వారు దానికి అలవాటు పడ్డారు. 1781లో రీవ్స్ సోదరులకు రంగు బిళ్లల తయారీకి లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వెండి బహుమానం ఇచ్చింది. అంతకు ముందు రంగు రాయిని నూరుకొని, జిగురు కలుపుకొని బయలుదేరవలసి వచ్చేది. తడి కుంచె రుద్దితే చాలు రంగు దిగే బిళ్లలు రావడంతో పొలం గట్టు మీద కూర్చొని రంగు వేయడం తేలికైంది.

ఉపాధ్యాయులు కనుక మీకు నచ్చే విశేషం ఒకటి. సుద్ద గీతలు చెదిరిపోకుండా గెయిన్స్‌బరో తన కాగితాలను వెన్న తీసిన పాలలో ముంచి ఆరబెట్టేవాడు. 1773లో విలియం జాక్సన్ అనే సంగీత విద్వాంసుడైన మిత్రుడికి ఈ కిటుకు రహస్యంగా ఉంచమని రాశాడు. పాలలోని కేసిన్ సుద్ద రేణువులను కాగితానికి పట్టి ఉంచుతుంది. అచ్చు విషయానికి వస్తే, శాండ్‌బీ 1775లో దక్షిణ వేల్స్ దృశ్యాలు 12 ఆక్వాటింట్ పద్ధతిలో వెలువరించాడు. రాగి రేకు మీద జిగురు పొడి చల్లి వేడి చేసి ఆమ్లంలో ముంచితే, పొడి కరిగి అంటుకున్న చోటు తప్ప చుట్టూ తినివేయబడుతుంది. అప్పుడు గీతలకు బదులు పలచని సిరా పూత వంటి నీడ అచ్చులో పడుతుంది. గడ్డి కప్పు, తడి మట్టి గోడ, మబ్బు ఈ పద్ధతికి బాగా లొంగేవి.

ప్రశ్న: ఈ బొమ్మలు గీసినవారిలో స్త్రీలు లేరా? (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: పేరు పొందిన వృత్తి చిత్రకారులలో తక్కువ, ఇంట్లో గీసినవారిలో చాలా ఎక్కువ. సంపన్న కుటుంబాల ఆడపిల్లలకు డ్రాయింగు మాస్టరును పెట్టి నేర్పించడం అప్పటి మర్యాద, శాండ్‌బీ వంటివారికి అది ఒక జీవనాధారం. సుమారు 1780లో ఆయన వేసిన రాస్లిన్ కోట దృశ్యంలో లేడీ స్కాట్ అనే కులీన స్త్రీ కామెరా ఆబ్‌స్క్యూరా ముందు కూర్చొని గీస్తూ కనిపిస్తుంది. మగవారిలో కూడా పరికరాల మోజు తక్కువేమీ కాదు. నల్లని కుంభాకార అద్దంలో దృశ్యాన్ని వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు ఉండేది. 1769లో సరస్సుల ప్రాంతంలో తిరుగుతూ థామస్ గ్రే అనే కవి ఆ అద్దం తెరిచి పట్టుకొనే బురద దారిలో వెల్లకిలా పడి వేళ్ల కణుపులు గీరుకున్నాడు. అద్దానికి ఏమీ కాలేదు.

ప్రశ్న: అదే కాలంలో ఆంగ్లేయ చిత్రకారులు మన దేశానికి వచ్చారు కదా. తెలుగు నేల మీది పూరిళ్లను, చుట్టిళ్లను, మండువా లోగిళ్లను వారు గీయలేదా? (మచిలీపట్నం, డాలస్ నుంచి కూడా ఇటువంటి ప్రశ్నే వచ్చింది)

జవాబు: వచ్చారు, కాని వారి కన్ను ఇక్కడ ముందుగా పడింది కోటల మీద, గుడి గోపురాల మీద. విలియం హాడ్జెస్ 1780లో మద్రాసులో దిగి, ఎక్కువకాలం బెంగాలులోనూ గంగా తీరంలోనూ గడిపి 1783లో తిరిగి వెళ్లి, 48 ఆక్వాటింట్ల సంపుటాన్ని వెలువరించాడు. థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తా చేరారు. 1792–93లో మద్రాసు నుంచి మైసూరు, మదురై, తంజావూరు వైపు తిరిగారు. వారి 144 అచ్చు చిత్రాలు 1795 నుంచి 1808 వరకు వచ్చాయి. ఇంగ్లండులో గుడిసె చేసిన పనిని ఈ బొమ్మల్లో శిథిలమైన మండపమూ ఊడల మర్రీ చేస్తాయి. గడ్డి కప్పులు మాత్రం పెద్ద కట్టడం ఎంత ఎత్తో చూపడానికి పక్కన చిన్నవిగా ఒదుగుతాయి. ఇంగ్లండు గుడిసె మీద నిలిచిన శ్రద్ధ భారతదేశపు గుడిసె మీద పూర్తిగా నిలిచింది జార్జ్ చిన్నరీతో అనుకుంటాను. ఆయన రాయల్ అకాడమీలో చదువుకొని 1802 చివర మద్రాసు వచ్చాడు, 1807లో బెంగాలు వెళ్లాడు. అక్కడి వంపు తిరిగిన గడ్డి కప్పులను, గుడిసె ముందు ఆగిన పశువులను పెన్సిలుతో ఎన్నో కాగితాల మీద గీసి, పక్కన సంక్షిప్త లిపిలో తనకు కావలసిన వివరాలు రాసుకున్నాడు. కాలం 19వ శతాబ్దంలోకి జరిగినా చూపు మాత్రం గెయిన్స్‌బరో తరానిదే.

తెలుగు నేలకు నిజమైన సంబంధం సర్వే వారి ద్వారా వచ్చింది. 1794లో మైకేల్ టాపింగ్ మద్రాసులో సర్వే పాఠశాల పెట్టాడు. తరువాతి కాలంలో గిండీ ఇంజినీరింగు కళాశాలగా ఎదిగింది అదే. 1783లో మద్రాసు చేరిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ చరిత్ర సేకరణకు ఏలూరు వారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు వెన్నెముకగా నిలిచారు. 1790ల చివర మెకంజీ అమరావతి దిబ్బను మొదటిసారి చూశాడు. 1816లో తిరిగి వచ్చి అక్కడి శిల్పాలకు తన చిత్రలేఖకుల చేత కొలతలతో బొమ్మలు గీయించాడు. ఆయన సేకరణలోని బొమ్మలు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో ఆలయాలు, కోటలు, శిల్పాలు, మనుషుల వేషభాషలే ఎక్కువ. పన్ను వేయడానికి ఊరు కావాలి, చరిత్ర రాయడానికి శాసనం కావాలి. రైతు ఇల్లు ఈ రెండింటికీ అవసరపడలేదు. ఆ ఇంటిని అందం కోసం చూసే షోకు ఇంగ్లండులో ఎంత స్వార్థంతో పుట్టినదైనా, అది ఇక్కడి ఇళ్ల మీద కూడా పడి ఉంటే నేడు మన వాస్తు చరిత్రకారులకు కొంత ఆధారం మిగిలేదని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: మా ఊరి పాత పూరిల్లు ఇంకా నిలిచే ఉంది. దానిని 18వ శతాబ్దపు పద్ధతిలో గీయాలని కోరిక. ఎలా మొదలుపెట్టాలి? (శ్రీకాకుళం)

జవాబు: శాండ్‌బీ కాలపు వాడుక పద్ధతి ఇది. ముందు పెన్సిలుతో ఇంటి ఆకారాన్ని తేలికగా గీసుకోవాలి. నడికప్పు గీత, చూరు గీత, గుమ్మం నిలువు, ఈ మూడూ కుదిరితే తక్కినవి వాటంతట అవే కూర్చుంటాయి. తరువాత నల్ల సిరాను బాగా పలచన చేసి నీడలన్నీ బూడిద రంగులో పూర్తి చేయాలి, అంటే రంగు లేకుండానే ఇల్లు నిలబడాలి. అది పూర్తిగా ఆరిన తరువాత గడ్డికి, మట్టికి, ఆకులకు వాటి వాటి రంగులు నీళ్లలో పలచగా కలిపి పైన పూయాలి; కింది బూడిద నీడ రంగులో నుంచి కనపడుతుంది. చివరగా కలంతో అవసరమైన చోట మాత్రమే గీత పెట్టాలి. ఎండ తగిలే వైపు చూరు అంచును గీయకుండా వదిలేస్తే కప్పు తేలికగా కనిపిస్తుంది, నీడ వైపు గట్టిగా గీస్తే బరువు వస్తుంది.

ఈ పద్ధతిలో రంగులు కొంచెం మందకొడిగా వస్తాయి. 1775లోనే పుట్టిన గిర్టిన్, టర్నర్ అనే ఆంగ్ల నీటిరంగుల చిత్రకారులు ఇద్దరూ కుర్రతనంలో లండనులోని డాక్టర్ మన్రో అనే వైద్యుడి ఇంట సాయంత్రాలు ఇతరుల చిత్రాలకు నకళ్లు తీస్తూ ఈ పాత పద్ధతినే సాధన చేశారు. గిర్టిన్ రేఖలు గీస్తే టర్నర్ పలచని రంగు పూసేవాడు. ఆ తరువాతనే వారు కింది బూడిద పూతను వదిలి, నీడను కూడా రంగుతోనే నేరుగా వేయడం మొదలుపెట్టారు. మీరు మొదట బూడిద పూతతో ఒక బొమ్మ, అది లేకుండా ఒక బొమ్మ, అదే ఇంటిని అదే వేళలో గీసి చూడండి. మధ్యాహ్నపు ఎండలో కాక, పొద్దు వాలి నీడ గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చే వేళ కూర్చోండి, అప్పుడే గడ్డి పొరలు విడివిడిగా తెలుస్తాయి.